బోర్డు కనబడని పొద్దు

అరవ లెక్కలో ఆడి నెల పుట్టేలోపు అని హద్దు పెట్టాడు గోవిందస్వామి. ఆ తరువాత ఎవరు చెప్పినా వినేది లేదన్నాడు.

పుదుచ్చేరి పక్క మురుంగపాక్కంలో ఆయన తండ్రి కాలం నుంచి నడుస్తున్న ఇత్తడి పట్టడ అది. తలుపులకు బందులు, గొళ్ళేలు, పిడులు, గుమ్మం ముందు నిలబడి తట్టడానికి వేలాడే కడియాలు అక్కడ పోతపోస్తారు. సముద్రపు ఒడ్డు వీధుల్లో ఫ్రెంచివాళ్ళ నాటి తలుపుకు ఏ బందు విరిగినా దాని జత ఆ పట్టడలోనే దొరికేది. రానురాను ఆ తలుపులు తగ్గాయి. బజారు నిండా పూత పూసిన ఇనుప సామాను దిగింది. రోజూ మండిన కొలిమి వారానికొకసారి మండే గతి పట్టింది. ఇళ్ళ స్థలాలు అమ్మే అళగేశన్ ఆ జాగా మీద కన్నువేశాడు. ఆషాఢంలో లాగే ఆడిలో ఎవరూ జాగా బేరం ముడివేయరు, దాని ముందు నెల ఆని పోకముందే తాంబూలం మార్చుకుందామని కబురు పంపాడు.

ఇచ్చేద్దామన్నాడు కొడుకు గురు. వాడిది ఆఫీసు ఉద్యోగం. కొలిమి పొగ వాడి చొక్కాకు ఏనాడూ తగల్లేదు. వద్దంది కూతురు జయంతి. పట్టడ తనకివ్వమంది, నడిపి చూపిస్తానంది.

ఇద్దరినీ ఎదురుగా కూర్చోబెట్టి గోవిందస్వామి ఒకే మాట చెప్పాడు.

"నీ కంప్యూటర్లో నుంచి ఈ కొలిమి ఆరకుండా మండేంత పని వస్తే పట్టడ నీది. రాలేదంటే తాంబూలం. నా నోట్లో నాలుక ఒకటే."

అది 2007 వేసవి. చేతిలో ఉన్నది రెండు నెలల లోపే.

జయంతికి ఆ పని కొత్త కాదు. పెళ్ళికి ముందు చెన్నైలో ఒక ఎగుమతుల కంపెనీలో పై దేశాల కొనుగోలుదారుల ఉత్తరాలకు జవాబులు రాసేది. భర్త ప్రభు అదే ఊళ్ళో సారం అనే పేటలో, ఒక మేడ మీద, కంప్యూటర్ పాఠాలు చెప్పే ఇన్‌స్టిట్యూట్ నడుపుతాడు. ఆ మేడ గదిలో ఒక మూల కంప్యూటర్ ఆమెకు వదిలేశాడు. పట్టడ పేరున వెబ్‌సైట్ తయారుచేసి ఇచ్చింది కూడా అతనే. తయారై నెల గడిచినా దాన్ని తెరిచి చూసినవాడు లేడు. అడవి మధ్యలో అంగడి పెట్టినట్టుంది అన్నాడు ప్రభు. అడవిలోకి దారి వేయాలి అంది జయంతి.

సంతలో డప్పు కొట్టి అందరినీ పిలవడం ఆమె ఉద్దేశం కాదు. బందులు కొనేది ఎవరు అని ముందు కూర్చుని ఆలోచించింది. ఒక్క ఇల్లు కట్టుకునేవాడు నాలుగు కొంటాడు, వాడితో కొలిమి మండదు. పాత భవనం కొని హోటలు చేసేవాడు, పాత ఇళ్ళు బాగుచేసే కంట్రాక్టరు, వాళ్ళకు ఒక్కసారిగా వందల్లో కావాలి. వాళ్ళు కొందరు గోవాలో, కొచ్చిలో ఉంటారు, ఎక్కువమంది పై దేశాల్లో ఉంటారు. వాళ్ళకు గోవిందస్వామి పేరు తెలియదు. గూగుల్‌లో పాతకాలపు ఇత్తడి బందులు అని కొట్టి వెతుకుతారు. ఆ మాటలు కొట్టినప్పుడు పక్కన తమ ప్రకటన కనబడాలి. అంతే పథకం.

సామాన్లను నల్ల గుడ్డ మీద పెట్టి, పక్కన కొలబద్ద ఉంచి, ఫొటోలు తీయించింది. ఒక్కొక్కదాని కింద బరువు, కొలత రాసింది. పోతపోసే చెల్లప్పన్ చేతులు మట్టి అచ్చును విప్పుతున్న ఫొటో మొదటి పేజీలో పెట్టింది. ముఖం వద్దంది, చేతులు చాలంది. ఎవరు ఏమడిగినా ఆ రోజే జవాబు పోవాలని తనకు తాను నియమం పెట్టుకుంది. చెన్నైలో నేర్చింది అదే. ఒక రోజు ఆలస్యమైతే కొనేవాడు ఇంకొకడి తలుపు తడతాడు.

ప్రకటనకు ఒక లెక్కుంది. చూసినందుకు డబ్బు పోదు. నొక్కి లోపలికి వస్తే పోతుంది, ప్రతి నొక్కుకూ పోతుంది. అందుకే రోజుకు ఇంత అని హద్దు కట్టారు. ఆ హద్దు నిండితే ప్రకటన మాయమవుతుంది. మళ్ళీ మర్నాడే. గోవిందస్వామికి ఇదంతా చెప్పింది. ఆయన తల ఊపాడు. ఊపి, మన బోర్డు కంప్యూటర్లో చూడాలంటే ఏం కొట్టాలి అని అడిగాడు. తండ్రి అంతమాత్రం అడిగినందుకే జయంతి కడుపు నిండిపోయింది. కొట్టవలసిన మాటలు అక్షరం అక్షరం చెప్పింది. ఆయన రెండుసార్లు తిరిగి అప్పజెప్పాడు.

ప్రకటన మొదలైంది. మొదటి వారం నొక్కులు చూసి ప్రభు చప్పట్లు కొట్టాడు. రెండో వారానికి జయంతి ముఖం మాడింది. నొక్కులే గాని అడిగేవాడు లేడు. వచ్చినవాడు వచ్చినట్టే వెళ్ళిపోతున్నాడు. బందుల పేజీ తెరవడు, బరువు చూడడు, ధర అడగడు. పైగా పొద్దున తొమ్మిది కాకముందే రోజు హద్దు నిండి ప్రకటన మాయం. యూరపులో అప్పటికి ఇంకా తెల్లవారదు. వాళ్ళు లేచి ఆఫీసు తెరిచేసరికి పట్టడ బోర్డు అక్కడ ఉండడం లేదు.

హద్దు పెంచి చూశారు. అదీ పొద్దున్నే నిండింది.

ఎవరో కావాలని నొక్కుతున్నారన్నాడు ప్రభు. పోటీ అంగళ్ళవాళ్ళు అలా చేసి ఎదుటివాడి ప్రకటన చంపేస్తారని విన్నాడట. జయంతికి వెంటనే ఒక్క ముఖమే తట్టింది. పెద్ద బజారులో ఇత్తడి సామాను అమ్మే పట్టాభిరామన్. తండ్రికీ ఆయనకూ పాత పంతం. ఆలోచించకుండా వెళ్ళి, గిరాకీ నిలబడి ఉండగానే అడిగేసింది.

పట్టాభిరామన్ తక్కెడ దించి నెమ్మదిగా చూశాడు.

"ఏమ్మా, మీ నాయిన కడను, ఆ పాత అంగడిని, నేను తొక్కాల్నా? కాలమే తొక్కేసి పోయిందే. చచ్చిన పామును కొట్టేకి నాకేం పని లేదా?"

కొనడానికి వచ్చిన ఆడవాళ్ళు నవ్వారు. తన అంగట్లో కంప్యూటర్ యాడుందో వెతుక్కోమన్నాడు. కావాలంటే గల్లాపెట్టె కింద కూడా చూసుకోమన్నాడు. బయటివాణ్ణి అనేముందు, ఆ పట్టడ పోవాలని ఎవడు కాచుకుని ఉన్నాడో ఇంట్లో అడుగు అన్నాడు. జయంతి తల వంచుకుని వచ్చేసింది. ఆ అవమానం కన్నా చివరి మాట ఎక్కువగా గుచ్చుకుంది. గురు ఆఫీసులో అందరికీ కంప్యూటర్లున్నాయి. అన్న ముఖం చూడాలంటే అసహ్యం వేసింది. అడగలేదు. ఈసారి సాక్ష్యం చేతిలో పెట్టుకునే అడగాలనుకుంది.

వెబ్‌సైట్‌కు వచ్చినవాళ్ళు ఏ ఊరి నుంచి వచ్చారో చూపే పట్టిక ఒకటుంది. అంతవరకు ఆమె దేశాలే చూసింది, ఊళ్ళు చూడలేదు. ప్రభు ఊళ్ళ వారీగా తీసి ముందు పెట్టాడు. పుదుచ్చేరి. వేలూరు. ఆరణి. కాంచీపురం. హోసూరు. చిత్తూరు. బెంగళూరు. జయంతి ఆ పేర్లు పైకి చదివి ఆగింది. ఇంట్లో పెళ్ళి కుదిరితే పత్రికలు పంచడానికి బయలుదేరే ఊళ్ళు అవి. ఒక్కటి తప్పలేదు. ఒక్కటి ఎక్కువ లేదు.

వేలూరులోని మేనత్త లోగనాయకికి ఫోను చేసింది. దాచవలసింది ఏమీ లేదు గనుక అత్త దాచలేదు.

"నువ్వే చేస్తావనుకుంటినే, ఇన్నాళ్ళకు చేసినావు. దినామూ దీపం పెట్టి, మనవణ్ణి పిలుచుకొని బ్రౌసింగ్ సెంటర్‌కు పొయి మీ బోర్డు నొక్కి బోణీ చేసే వస్తా ఉండాను. మీ నాయిన అందరికీ చెప్పినాడు గదా. హోసూరులో అయితే మీ చిన్నాయిన ఇంట్లో నలుగురూ చేస్తారంట. ఎవరూ ఒక్క పొద్దు కూడా తప్పలేదు తల్లీ."

జయంతి ఫోను పెట్టేసింది. అన్నను అనుమానించినందుకు సిగ్గుపడే తీరిక కూడా లేదు.

మధ్యాహ్నం బస్సెక్కి మురుంగపాక్కం వెళ్ళింది. గోవిందస్వామి పట్టడ గుమ్మంలో కూర్చుని చెల్లప్పన్‌తో మాట్లాడుతున్నాడు. కూతురి ముఖం చూడగానే చెల్లప్పన్ ఇసుక జల్లెడ తీసుకుని లోపలికి పోయాడు.

ఆమె అరవలేదు. ప్రకటన ఎలా పనిచేస్తుందో మొదటి నుంచి మళ్ళీ చెప్పింది. ఆయన విన్నాడు. విని, అయినవాళ్ళు అంగడి తెరిచిన పొద్దున ముందుగా గుమ్మం తొక్కడం తాతల నాటి పద్ధతి కాదా అన్నాడు. జనం మసిలే అంగడికే జనం వస్తారు, ఈగలు తోలే అంగడికి ఎవడొస్తాడన్నాడు.

"ఇది ఆ కడ కాదు నాయినా. తొక్కినప్పుడల్లా మన దుడ్డే పోతాది."

"బోణీకొచ్చినోళ్ళకు కాఫీ ఇయ్యమా? దాన్ని గూడా ఖర్చని రాస్తామా?"

"కాఫీ వాళ్ళకే సరిపోయి, తలుపు మూసేస్తా ఉండాము. కొనేవోడు వచ్చేసరికి మన కడ లేదు."

గోవిందస్వామి కొలిమి వైపు చూశాడు. అది చల్లగా ఉంది.

"ఊరూరికీ నేనే ఫోను చేసి పిలిచినాను. ఇప్పుడు రావద్దండి, మీ చెయ్యి మంచిది కాదు అని ఏ నోటితో చెప్పేది? నేను చెప్పను. నువ్వూ చెప్పకూడదు. చెప్పినావంటే నా గుమ్మం ఎక్కొద్దు."

ఆమె లేచి వచ్చేసింది. ఆయన వెనక్కి పిలవలేదు.

సారం చేరాక చేసిన పని నిమిషంలో అయిపోయింది. ప్రకటన మనదేశంలో కనబడకుండా మూసి, ఆ పూటకు హద్దు ఇంకొంచెం పెంచింది. గోవా పోయింది, కొచ్చి పోయింది. పోనీ అనుకుంది. ఇక పై దేశాలవాళ్ళకే కనబడుతుంది. ఎవరి చేతినీ రావద్దన్నట్టు కాదు, ఎవరి మనసూ నొచ్చుకోదు. ఆడి పుట్టడానికి ఇంకా కొన్ని రోజులున్నాయి.

మామకు ఒక మాట చెప్పు అన్నాడు ప్రభు.

"పని వచ్చినాక చెప్తా. పని వస్తే అన్నీ సర్దుకుంటాయి."

ఆ సాయంత్రం హద్దు నిండలేదు. పొద్దు వాలినా బోర్డు నిలబడే ఉంది. నొక్కులు చాలా తక్కువ. కాని వచ్చినవాడు బందుల పేజీ తెరిచాడు, బరువు చూశాడు, ఒకడు కడియాల కొలతల దగ్గర చాలాసేపు ఆగాడు. మర్నాడు పొద్దున కంప్యూటర్ తెరిచేసరికి ఒక ఉత్తరం వచ్చి ఉంది. ఫ్రాన్సులో ఒక పాత సత్రాన్ని హోటలుగా మారుస్తున్న కంట్రాక్టరు. తలుపులకూ కిటికీలకూ అన్నిటికీ బందులు కావాలి. నెలకు ఎన్ని ఇవ్వగలరు, చలికాలం లోపు అన్నీ అందుతాయా అని అడిగాడు. ఒక్కొక్క ప్రశ్నా లెక్క తెలిసినవాడి ప్రశ్న. ఉత్తుత్తి విచారణ కాదని జయంతికి రూఢిగా తెలిసింది.

జవాబు రాయడానికి కూర్చుంది. ఒక్క కొలత తప్పకూడదు, ఒక్క మాట ఎక్కువ కాకూడదు. సగంలో ఉండగా ఫోను మోగింది. తండ్రి. ఉత్తరం పాడవుతుందని ఎత్తలేదు. మళ్ళీ మోగింది. పోట్లాటకే అనుకుంది, ఈ వేళ పోట్లాడే ఓపిక లేదనుకుంది. ఫోను సొరుగులో పెట్టి మూసింది. సొరుగు లోపల అది ఇంకా చాలాసేపు గొణిగింది.

ఆ పొద్దున మురుంగపాక్కంలో జరిగింది తరువాత చెల్లప్పన్ చెప్పగా జయంతి విన్నది.

బ్రౌసింగ్ సెంటర్ తెరవగానే వేలూరు నుంచి లోగనాయకి ఫోను చేసింది. అన్నా, నీ బోర్డు కనబడలేదు, కడ మూసేసినావా అని. వెనకే ఆరణి నుంచి, హోసూరు నుంచి, చిత్తూరు నుంచి. ఎవరికీ కనబడలేదు. గోవిందస్వామి చొక్కా తొడుక్కుని వీధి చివరి బ్రౌసింగ్ సెంటర్‌కు నడిచాడు. తనకు నోటికి వచ్చిన మాటలే కొట్టించాడు. ఇనుప బందులు అమ్మేవాళ్ళు కనబడ్డారు, ఎవరెవరో కనబడ్డారు, తన పట్టడ లేదు. తిరిగి వచ్చి కూతురికి ఫోను చేశాడు. ఎత్తలేదు. మళ్ళీ మళ్ళీ చేశాడు. చివరికి గురుకు చేశాడు. దుడ్డు అయిపోయి కంపెనీవాళ్ళు తీసేసుంటారు, అది చెప్పలేకే చెల్లి ఫోను ఎత్తడం లేదు అన్నాడు గురు. అబద్ధం చెప్పాలని చెప్పలేదు. వాడికి అలాగే తోచింది.

అయినవాళ్ళంతా బోణీకి వచ్చి మూసిన గుమ్మం చూసి తిరిగిపోయారు. తన పుట్టుకలో అలాంటి పొద్దు లేదు. గోవిందస్వామి పట్టడ నడుమ నిలబడి, లక్ష్మి లేచి పోయినాక గోడలెందుకు అన్నాడట. ఆ మాట చెల్లప్పన్‌తో అన్నాడో, తనలో తానన్నాడో చెల్లప్పన్‌కు తెలియదు. ఆ రోజు మంచిది. ఆని నెలలో అలాంటిది ఇంకొకటి లేదు. గంట తిరిగేలోపు గురు అళగేశన్‌ను కారులో తీసుకొచ్చాడు.

కంట్రాక్టరు జవాబు మధ్యాహ్నం వచ్చింది. సరేనన్నాడు. నమూనాలు పంపమన్నాడు, మొదటి విడతకు ఆర్డరు రాసిచ్చాడు. ఆ విడత ఒక్కటే కొలిమిని కార్తీకం దాకా ఆరనివ్వదు. జయంతి ఆ కాగితం అచ్చు తీసుకుని ఆటో ఎక్కింది. దారంతా కాగితాన్ని గాలికి ఎగరకుండా రెండు చేతులా పట్టుకుంది.

పట్టడలో చాప పరిచి ఉంది. చాప మీద పళ్ళెం. ఆకులు, వక్కలు, పళ్ళు, బయానా డబ్బున్న ఒక కవరు. అళగేశన్ వెళ్ళిపోయాడు. గురు గోడకానుకుని నిలబడ్డాడు. ఆమె పళ్ళెం చూసింది, కాగితం తండ్రికిచ్చింది, ఏముందో చెప్పింది. ఆయన కాగితాన్ని తిరగేసి వెనక వైపు కూడా చూశాడు.

"మరి బోర్డు యాడికి పొయినాది?"

ఆమె చెప్పింది. తానే మూశానంది. ఎందుకు మూసిందో కూడా చెప్పింది.

గురు గోడ వదిలి నిటారుగా నిలబడ్డాడు. తరువాత జయంతి, కవరు తిరిగి ఇచ్చేద్దాం నాయినా, ఇప్పుడే పోయి ఇచ్చేద్దాం, నేనే పోయి కాళ్ళు పట్టుకుంటాను అంది.

"తాంబూలం మార్చుకున్నాక మాట తిప్పుకునే పుట్టుకా మనది?"

"పట్టడ నాదన్నది కూడా నీ మాటే గదా. ఆడి ఇంకా పుట్టలేదే."

ఆయన లేచి కండువా దులిపి భుజాన వేసుకున్నాడు.

మర్నాడు సారం మేడ గదికి వచ్చాడు. అంతవరకు ఆ మెట్లు ఎక్కి ఎరగడు. ప్రభు కుర్చీ వేసి కిందికి వెళ్ళిపోయాడు. ఇంకో జాగా చూసి కొలిమి కట్టుకోకూడదా అని గోవిందస్వామి అడిగాడు. కొలిమి కట్టి, ఆరబెట్టి, అనుమతి తెచ్చుకునేసరికి వాళ్ళకు చలికాలం దాటిపోతుందంది. ఆ కంట్రాక్టరును కొన్నాళ్ళు ఆగమని రాయకూడదా అన్నాడు. ఆగడంది. చెల్లప్పన్ ఏమన్నాడని అడిగాడు. కోయంబత్తూరులో పంపులు పోతపోసే కార్ఖానాకు పోతున్నాడంది.

"నువ్వు ఫోను ఎత్తింటే ఇంత దూరం వచ్చేది కాదు" అన్నాడు.

"రావద్దని వాళ్ళకు ఒక్క మాట నువ్వు చెప్పింటే నేను మూసేదాన్నే కాదు."

ఇద్దరూ కంప్యూటర్ వైపు చూశారు. అందులో కంట్రాక్టరు ఉత్తరం తెరిచి ఉంది. కింద జవాబు రాసే ఖాళీ ఉంది.

"రాసి పంపించేయి. పని ముగించు" అన్నాడు ఆయన.

"నేను రాయను. నువ్వు చెప్పు, నేను కొడతాను."

"నాకు ఇంగ్లీషు యాడొస్తుంది?"

"తెలుగులోనే చెప్పు."

కిటికీ కింద వీధిలో ఎవరో స్కూటర్ తన్నుతున్నారు. అది అంటుకోవడం లేదు. గోవిందస్వామి మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని తెర మీది ఉత్తరాన్ని చూస్తూ కూర్చున్నాడు. అందులో తనకు తెలిసిన మాట ఒక్కటీ లేదు. ఆమె తొందరపెట్టలేదు, సాయమూ చేయలేదు.

"అయ్యా, మా పట్టడ మూసినాం అని పెట్టు."

ఆమె కొట్టింది. ఎందుకు మూశారని అడుగుతాడు, ఏం రాయమంటావంది.

స్కూటర్ అంటుకుని వెళ్ళిపోయింది.

"ఏమీ పెట్టొద్దు. అంతే పెట్టు."

జయంతి కొట్టినది మొదటి నుంచి ఆయనకు తెలుగులో చదివి వినిపించింది. వద్దని ఆయన చెయ్యి ఎత్తినా ఆగలేదు, చివరి దాకా చదివింది. ఆ తరువాత పంపింది.